పత్రం మీద పేరు: శస్త్రవైద్య శిక్షణలో కర్తృత్వం నడిచిన దారి

శస్త్రచికిత్స గురించి వైద్యపత్రికల్లో అచ్చయ్యే ప్రతి పరిశోధనపత్రానికీ శీర్షిక కింద ఒక పేర్ల వరస ఉంటుంది. ఆ వరసలో చోటు దక్కడాన్ని కర్తృత్వం అంటారు. పత్రంలోని ఆలోచన, శ్రమ, రాత తమవని చెప్పుకొనే హక్కు, అందులో తప్పు దొర్లితే జవాబు చెప్పవలసిన బాధ్యత రెండూ ఆ చోటులోనే ఉన్నాయి. ఆ చోటు ఎవరికి చెందాలన్నది శస్త్రచికిత్సలో పి.జి. చేస్తున్న యువవైద్యులు నియమావళి చదివి తెలుసుకోవడం అరుదు. కత్తి పట్టడం, కుట్టు వేయడం యూనిట్ చీఫ్‌ను చూసి నేర్చుకున్నట్టే, ఏ పేరు ముందు రావాలో, ఏ పేరు చివర రావాలో, ఎవరి పేరు లేకపోయినా ఎవరూ అడగరో కూడా వాళ్లు చూసే నేర్చుకుంటారు. చీఫ్ పేరు ప్రతి పత్రం మీదా ఉండడం వృత్తి పుట్టిననాటి నుంచీ వస్తున్న ఆచారమని వారిలో చాలామంది నమ్ముతారు. గత రెండు శతాబ్దాల శస్త్రవైద్య చరిత్రను పరిశీలిస్తే ఆ నమ్మకానికి ఆధారం దొరకదు.

ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి మూలంగా చెప్పుకొనే ప్రచురణలో శస్త్రవైద్యుడి పేరే లేదు. 1794 అక్టోబరులో లండన్ నుంచి వెలువడే జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో ఒక ఉత్తరం అచ్చయింది. ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలే కావస్‌జీ అనే మరాఠా 1792 నాటి యుద్ధంలో టిప్పు సుల్తానుకు బందీగా చిక్కి, ముక్కు, ఒక చెయ్యి పోగొట్టుకోగా, ఏడాది తరవాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి అతనికి కొత్త ముక్కు అమర్చాడని ఆ ఉత్తరం వివరించింది. పలచని మైనపు రేకుతో ముక్కు నమూనా చేసి, దాన్ని నుదుటి మీద చదునుగా పరిచి, చుట్టూ గీత గీసి, ఆ మేరకు చర్మాన్ని వేరుచేసి, రక్తం అందడం ఆగకుండా కనుబొమల మధ్య చిన్న పట్టీని వదిలి, చర్మాన్ని కిందికి తిప్పి అతికించిన పద్ధతిని అంచెలంచెలుగా చెప్పింది. రోగికి పేరు ఉంది, చిత్రపటం కూడా ఉంది. చూసిన ఇద్దరు ఇంగ్లీషు వైద్యుల పేర్లు ఉన్నాయి. ఉత్తరం రాసినవారు రెండు పొడి అక్షరాలతో సంతకం చేశారు. ఆపరేషన్ చేసిన మనిషికి మాత్రం కులమే మిగిలింది. 1814లో లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ ఇదే పద్ధతిలో ఆపరేషన్ చేసి, 1816లో పుస్తకంగా ప్రకటించాడు; యూరపు శస్త్రవైద్య చరిత్రలో ఆయన పేరు స్థిరపడింది. కార్ప్యూ ఆ పద్ధతి భారతదేశానిదని దాచలేదు, కానీ దేశానికి దక్కిన గౌరవం మనిషికి దక్కినట్టు కాదు. చేతిపనిని కులానికో దేశానికో జమకట్టి, కాగితం మీద పెట్టినవారికి పేరు ఇచ్చే అలవాటు శస్త్రవైద్యంలో అప్పటికే ఉందని ఈ ఉదంతం చెబుతుంది.

పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో శస్త్రవైద్య శిక్షణ జర్మన్ భాషా ప్రాంతపు క్లినిక్‌లలో ఒక క్రమానికి వచ్చింది. క్లినిక్ అంటే అక్కడ ఒక్క ఆచార్యుడి అధీనంలో వార్డులు, ఆపరేషన్ గది, పాఠాలు, సహాయకులు అన్నీ కలిసిన వ్యవస్థ. అక్కడి ప్రచురణ పద్ధతి నేటి పి.జి. విద్యార్థికి వింతగా తోస్తుంది. 1881 జనవరి 29న వియన్నాలో థియొడర్ బిల్‌రోత్ కాన్సర్ సోకిన జీర్ణాశయపు కింది భాగాన్ని తొలగించి, రోగి బతికిన మొదటి శస్త్రచికిత్సగా దాన్ని నిలబెట్టాడు. వెంటనే ఒక వైద్యపత్రికకు చిన్న లేఖ రాసి ఊరుకున్నాడు. ఆ ఆపరేషన్ల సమగ్ర వివరణను అదే ఏడాది పుస్తకంగా రాసింది ఆయన సహాయకుడు ఆంటన్ వోల్‌ఫ్లర్. కర్తగా వోల్‌ఫ్లర్ ఒక్కడి పేరే ఉంది. ఆపరేషన్లు ఆచార్య బిల్‌రోత్ చేసినవని పుస్తకం పేరులోనే ఉంది. ఇది ఒక్కరి ప్రత్యేకత కాదు. శిష్యుడు రాసిన పత్రం శీర్షిక దగ్గర ఫలానా ఆచార్యుడి క్లినిక్ నుంచి అని ఒక పంక్తి వేయడం జర్మన్ పత్రికల్లో మామూలు పద్ధతి. క్లినిక్ ఎవరిదో, రాసినది ఎవరో రెండూ పాఠకుడికి తెలిసేవి. ఒకదాన్ని మరొకదానిలో కలిపివేయవలసిన అవసరం వాళ్లకు కనిపించలేదు. ఆ ఆపరేషన్‌కు నిలిచిన పేరు బిల్‌రోత్‌దేనన్నది నిజమే, కాబట్టి గురువు నష్టపోయిందీ లేదు. 1889 నుంచి విలియం హాల్‌స్టెడ్ అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ప్రవేశపెట్టిన రెసిడెన్సీ, అంటే యువవైద్యుడు ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉంటూ క్రమంగా పెద్ద బాధ్యతలకు ఎదిగే పద్ధతి, ఈ జర్మన్ నమూనా నుంచే వచ్చింది. శిక్షణ నమూనా సముద్రం దాటింది, పేర్లు వేరువేరుగా చూపే మర్యాద మాత్రం పాతుకోలేదు.

ఇంగ్లండులో అప్పటికే ఒక పుస్తకం ఈ సమస్యను ఇంకో రూపంలో చూపింది. గ్రేస్ అనాటమీ అని ప్రపంచమంతా పిలిచే గ్రంథం 1858లో వెలువడింది. లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో శరీర నిర్మాణశాస్త్ర అధ్యాపకుడు హెన్రీ గ్రే పాఠం రాశాడు. అక్కడే డెమాన్‌స్ట్రేటర్‌గా, అంటే విద్యార్థులకు శవపరిచ్ఛేదం చేసి చూపే సహాయ అధ్యాపకుడిగా ఉన్న హెన్రీ వాన్‌డైక్ కార్టర్ బొమ్మలు గీశాడు. శవాల కోత ఇద్దరూ కలిసి చేశారు, ఆ మాట ముఖపత్రం మీదే అచ్చయింది. విద్యార్థులు ఆ పుస్తకాన్ని ఎగబడి కొనడానికి కారణం, అవయవాల పేర్లు అవయవాల మీదే రాసిన పెద్ద బొమ్మలు. అయినా అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫులో కార్టర్ పేరు అక్షరాల పరిమాణాన్ని తగ్గించమని, అతని బొంబాయి ఉద్యోగపు హోదాను కొట్టివేయమని గ్రే స్వయంగా గుర్తులు పెట్టాడు. అమ్మకాల మీద వాటా గ్రేకు, ఒక్కసారి ఇచ్చే నూట యాభై పౌండ్లు కార్టర్‌కు. అంతకుముందు ప్లీహం మీద గ్రే రాసి బహుమతి పొందిన గ్రంథానికి కూడా కార్టర్ బొమ్మలు వేశాడు, అందులో అతని పేరే ఎత్తలేదు. కార్టర్ బొంబాయిలోని గ్రాంట్ మెడికల్ కాలేజీకి వచ్చి, మన దేశంలో పాదాలను తినేసే మైసిటోమా అనే శిలీంధ్ర వ్యాధి మీద, కుష్ఠు మీద సొంత పేరుతో విలువైన గ్రంథాలు రాశాడు. కానీ ఆ బొమ్మల ఆధారంగా నిలిచిన పుస్తకం ఈనాటికీ గ్రే పేరుతోనే చలామణిలో ఉంది. హోదాలో కొంచెం పైన ఉన్నవాడి చేతిలో ప్రూఫు కాగితం ఉండడం ఎంత పెద్ద అధికారమో ఈ సంఘటన చెబుతున్నంత స్పష్టంగా ఏ నియమావళీ చెప్పలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రయోగశాల శస్త్రవైద్యంలోకి వచ్చింది, ఒకరు చేసే పని నలుగురి పని అయింది, పత్రాల మీద పేర్లు పెరిగాయి. పేర్ల వరసకు ఒక లెక్క కూడా ఏర్పడింది: పనిలో ఎక్కువ భాగం చేసి, పత్రం రాసినవారు మొదట; విభాగాధిపతి లేదా ప్రయోగశాల పెద్ద చివర; మిగిలినవారు మధ్యలో. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్, అంటే ఏ పత్రాన్ని ఎన్ని ఇతర పత్రాలు పేర్కొన్నాయో చూపే సూచిక, పేర్కొన్న పత్రాలను మొదటి రచయిత పేరు కిందే చేర్చడంతో మొదటి స్థానం విలువ మరింత పెరిగింది. ఇంత పోటీ ముదరకముందు చివరి పేరు వద్దనుకున్న పెద్దలూ ఉన్నారు. టొరంటోలో శస్త్రవైద్యుడు ఫ్రెడరిక్ బాంటింగ్, విద్యార్థి చార్లెస్ బెస్ట్ క్లోమం నుంచి ఇన్సులిన్ సారాన్ని తీసిన పరిశోధనకు ప్రయోగశాలను, సలహాను ఇచ్చిన ఆచార్యుడు జాన్ మెక్లియడ్. 1922 నాటి వారి మొదటి పత్రం మీద తన పేరు వేసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది నోబెల్ బహుమతి బాంటింగ్‌కు, మెక్లియడ్‌కు వచ్చింది. విద్యార్థి పేరు అందులో లేదు, బాంటింగ్ తన సొమ్ములో సగం బెస్ట్‌కు ఇచ్చాడు. పత్రం మీద పేరు, లోకం ఇచ్చే గుర్తింపు ఒకటి కావని ఆ తరం చూసింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే అధ్యాయం బాల్టిమోర్‌లో నడిచింది. 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ అనే యువ శస్త్రవైద్యుడు తన ప్రయోగశాలకు వివియన్ థామస్ అనే పందొమ్మిదేళ్ల నల్లజాతి యువకుణ్ణి తీసుకున్నాడు. వడ్రంగం తెలిసిన థామస్ డాక్టరు కావాలని కూడబెట్టుకున్న డబ్బు ఆర్థికమాంద్యంలో బ్యాంకు మూతపడి పోయింది. కుక్కల మీద ఆపరేషన్ చేయడం, రక్తనాళాలు కుట్టడం, ప్రయోగాలు రూపొందించి నమోదు చేయడం కొద్దికాలంలోనే నేర్చిన అతనికి ఉద్యోగ జాబితాలో పారిశుధ్య పనివాడి హోదా ఇచ్చారు. 1941లో బ్లేలాక్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌కు శస్త్రచికిత్స శాఖాధిపతిగా వెళుతూ అతణ్ణి వెంట తీసుకువెళ్లాడు. పుట్టుకతో గుండెలో లోపం ఉండి, ఊపిరితిత్తులకు చాలినంత రక్తం చేరక ఒళ్లు నీలంగా మారే పిల్లలను బతికించే మార్గం కావాలని పిల్లల హృద్రోగ వైద్యురాలు హెలెన్ టాసిగ్ కోరగా, ఆ స్థితిని కుక్కల్లో సృష్టించి, చేతికి వెళ్లే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపే కుట్టును సాధించినవాడు థామస్. 1944 నవంబరు 29న ఐలీన్ అనే పసిపాపకు బ్లేలాక్ ఆ ఆపరేషన్ చేస్తున్నప్పుడు, తనకు అప్పటికి అంతగా అలవాటులేని ఆ పనిలో సందేహాలు తీర్చడానికి థామస్ ఆయన వెనక పీట మీద నిలబడ్డాడు. సహాయకులుగా ఉన్న శిక్షణార్థుల్లో డెంటన్ కూలీ ఒకడు. తరవాత ఆయన ప్రపంచ ప్రసిద్ధ హృద్రోగ శస్త్రవైద్యుడయ్యాడు.

1945 మేలో అమెరికా వైద్యసంఘ పత్రికలో ఈ శస్త్రచికిత్స పత్రం వచ్చింది. కర్తలు ఇద్దరే: బ్లేలాక్, టాసిగ్. థామస్ పేరు రచయితల్లోనూ లేదు, పత్రం లోపలా లేదు. చర్మపు రంగు మూలంగా రోగుల ముందు తెల్లకోటుతో నడవడమే ప్రశ్నార్థకమైన కాలంలో, ఆసుపత్రి మొత్తం తెలిసిన నిజం అచ్చులోకి రాకపోవడం అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. శిక్షణ దృష్టితో చూస్తే ఇందులో మరో విషయం ఉంది. హాప్‌కిన్స్ రెసిడెంట్లు దశాబ్దాల పాటు రక్తనాళాల కుట్టు నేర్చుకున్నది థామస్ ప్రయోగశాలలోనే. ఆయన దగ్గర పని నేర్చినవారు దేశమంతటా శస్త్రచికిత్స శాఖలకు అధిపతులయ్యారు. చేయి ఎవరి దగ్గర నేర్చుకున్నారో, పత్రం మీద ఎవరి పేరు చూశారో ఆ రెండూ వేరని వారందరికీ తెలుసు. ఆ తేడాను భరించడం కూడా శిక్షణలో భాగంగానే వారికి అబ్బింది. 1976లో జాన్స్ హాప్‌కిన్స్ థామస్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చి, శస్త్రచికిత్స అధ్యాపకుడిగా నియమించింది. ఇప్పుడు చాలామంది ఆ ఆపరేషన్‌ను ముగ్గురి పేర్లతో, బ్లేలాక్-థామస్-టాసిగ్ షంట్ అని పిలుస్తున్నారు. ఆలస్యమైనా ఇది సరైన పని.

తెలుగు పాఠకులకు ఈ సందర్భంలో యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకు రావడం సహజం. భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ, జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికి వచ్చాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణం కొలిచే పద్ధతి ఇద్దరి పేర్లతోనే జీవరసాయన పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. అయితే ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలను ఫిస్కే బయటికి రానివ్వకపోవడం వల్ల వాటిని మరికొందరు ఏళ్ల తరవాత మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని, సుబ్బారావు సహచరుడూ నోబెల్ గ్రహీతా అయిన జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. లెడర్లే ప్రయోగశాలల్లో సుబ్బారావు నాయకత్వంలో తయారైన అమినాప్టెరిన్ అనే మందుతో పిల్లల రక్తకాన్సర్ తాత్కాలికంగానైనా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ బృందం 1948 జూన్‌లో ప్రకటించిన పత్రానికి ఐదుగురు కర్తలు. సుబ్బారావు వారిలో లేడు. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశాడు. మందు సరఫరా చేసిన మాత్రాన చికిత్స పత్రానికి కర్త కాలేరన్న వాదన నేటి నియమాల ప్రకారం నిలబడేదే. అయినా మందు ఎవరి బుర్రలో పుట్టిందో చెప్పడానికి పేర్ల వరస చాలని సాధనమని ఇక్కడ తేలిపోతుంది.

పని చేసినవారి పేరు లేకపోవడం ఒక దోషమైతే, పని చేయనివారి పేరు ఉండడం రెండోది. దీన్ని కానుక కర్తృత్వం అంటారు. దీని ప్రమాదం లోకానికి తెలిసింది, గ్రే, కార్టర్ పనిచేసిన అదే సెయింట్ జార్జ్ ఆసుపత్రి ద్వారా. 1994 ఆగస్టులో బ్రిటిష్ ప్రసూతి వైద్యపత్రికలో ఆ ఆసుపత్రి వైద్యుడు మాల్కం పియర్స్ ఒక పత్రం ప్రకటించి, గర్భాశయం బయట నిలిచిన పిండాన్ని లోపలికి మార్చగా బిడ్డ సజీవంగా పుట్టిందని చెప్పాడు. అటువంటి రోగి లేనేలేదని విచారణలో తేలింది. పత్రం మీద చివరి పేరుగా ఉన్న జెఫ్రీ ఛాంబర్లేన్ ఆ శాఖకు అధిపతి, పత్రికకు సంపాదకుడు, ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీకి అధ్యక్షుడు కూడా. మోసంలో ఆయనకు పాత్ర లేదు. శాఖాధిపతి పేరు మర్యాదగా చేర్చడం వాడుకేనన్న వివరణ వచ్చింది. ఆయన పదవులు వదులుకోవలసి వచ్చింది, 1995లో పియర్స్ పేరును వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించారు. గౌరవం అనుకున్న కానుకలో ఎంత బాధ్యత దాగి ఉందో అంత పెద్ద హోదాలో ఉన్నవారికే తట్టలేదంటే, ఇరవై ఆరేళ్ల శిక్షణార్థికి తట్టకపోవడాన్ని తప్పుపట్టడం కష్టం.

నియమాలు అప్పటికే ఉన్నాయి. 1978లో వాంకూవర్‌లో సమావేశమైన కొద్దిమంది వైద్యపత్రికా సంపాదకుల బృందం క్రమంగా అంతర్జాతీయ సంపాదకుల సంఘంగా మారి, 1985లో కర్తకు మూడు షరతులు పెట్టింది: పరిశోధన రూపకల్పనలో లేదా విశ్లేషణలో గణనీయమైన పాత్ర, పత్రాన్ని రాయడం లేదా లోతుగా సవరించడం, చివరి ప్రతికి ఆమోదం. మూడూ కలిసి ఉండాలి. నిధులు తేవడం, సాధారణ పర్యవేక్షణ చేయడం చాలవు. పత్రంలోని ప్రతి అంశానికీ జవాబుదారీ అన్న నాలుగో షరతు 2013లో చేరింది. శస్త్రచికిత్సకు ఈ షరతులు సులువుగా అమరవు. రోగికి ఆపరేషన్ చేసినది చీఫ్. రాత్రి డ్యూటీలో కేస్ షీట్లు తిరగేసి సమాచారం రాసుకున్నది పి.జి. విద్యార్థి. తొలి నియమాల ప్రకారం ఆపరేషన్ చేసిన చెయ్యీ కర్త కాదు, సమాచారం సేకరించిన చెయ్యీ కాదు. 2000లో సమాచార సేకరణను మొదటి షరతులో చేర్చడం శిక్షణార్థులకు మేలు చేసింది, రాతలోనూ పాలు ఉండాలన్న షరతు మాత్రం మిగిలింది. నియమాలు ఉన్నంత మాత్రాన అమలు కాలేదు: 1996లో పెద్ద వైద్యపత్రికల్లో అచ్చయిన 809 వ్యాసాలను పరిశీలించినప్పుడు 19 శాతంలో అర్హత లేని కర్తలు, 11 శాతంలో పేరు దక్కని అసలు రచయితలు ఉన్నట్టు తేలింది.

మన దేశంలో ఈ సమస్యకు ఉద్యోగం, పరీక్ష రెండు వైపుల నుంచీ ఒత్తిడి వచ్చింది. పి.జి. పరీక్షకు కూర్చోవడానికి చదువు కాలంలో ఒక పరిశోధనపత్రం ప్రచురించాలి లేదా కనీసం పంపాలి అన్న నిబంధన చాలాకాలం ఉంది; మరోవైపు అధ్యాపకుల పదోన్నతికీ ప్రచురణలు తప్పనిసరి. 2015లో భారత వైద్యమండలి మొదటి లేదా రెండో రచయితగా ఉన్న పత్రాలనే లెక్కిస్తామనడంతో, ఒకే థీసిస్ నుంచి పుట్టిన పత్రంలో మొదటి రెండు చోట్ల కోసం విద్యార్థి, గైడ్, గైడ్‌కు పైవారు అందరూ నిలబడవలసి వచ్చింది. తరవాతి సవరణలు మొదటి ముగ్గురికి, పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే కరస్పాండింగ్ ఆథర్‌కు విస్తరించినా, పేరు చోటును జీతంతో ముడిపెట్టిన పద్ధతి మారలేదు. విశాఖ, హైదరాబాదు, గుంటూరు, వరంగల్ ఎక్కడి వైద్యకళాశాలలోనైనా మూడేళ్లు ఒకే చీఫ్ దగ్గర పనిచేసి, ఆయన సంతకంతోనే పరీక్షకు వెళ్లవలసిన విద్యార్థి వరసలో తన స్థానం గురించి నోరెత్తకపోవడం పిరికితనం కాదు, ఏర్పాటులోని లోపం.

మార్పు శిక్షణార్థుల నుంచే మొదలైంది. 2007లో ఇంగ్లండులోని వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో శస్త్రచికిత్స శిక్షణలో ఉన్న యువవైద్యులు సొంతంగా పరిశోధక బృందం కట్టుకుని, ఆపరేషన్ గాయాలకు చీము పట్టకుండా వాడే ఒక పరికరాన్ని 21 ఆసుపత్రుల్లో 760 మంది రోగుల మీద పరీక్షించి, 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రకటించారు. ఆ పరికరం వల్ల ప్రయోజనం లేదని తేలడం కూడా విలువైన ఫలితమే. ఈ బాటలో వచ్చిన సమష్టి పత్రాల్లో బృందం పేరు కర్తగా ఉండి, సభ్యులందరూ ఏ పని చేశారో చివర జాబితాగా అచ్చవుతుంది. ఆ పేర్లు వైద్యసూచికల్లోనూ వెతికితే దొరుకుతాయి. కోవిడ్ కాలంలో 116 దేశాల, 1,667 ఆసుపత్రుల, 1,40,231 మంది శస్త్రచికిత్స రోగుల సమాచారంతో 2021లో వెలువడిన పత్రానికి 15,025 మంది రచయితలుగా నమోదై గిన్నిస్ రికార్డుకెక్కారు. ఇంతమందిలో ఎవరు దేనికి జవాబు చెబుతారన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానంగా ఆలోచన, సమాచారం, విశ్లేషణ, రాత, పర్యవేక్షణ వంటి 14 పాత్రలుగా పనిని విడదీసి, ప్రతి పేరు పక్కన దాని పాత్ర రాసే పద్ధతి 2014 నుంచి ప్రచారంలోకి వచ్చి, ఇప్పుడు అనేక పత్రికల్లో తప్పనిసరి అయింది.

వియన్నా క్లినిక్ పంక్తి చేసిన పనినే, అంటే ఎవరిది ఏ పాలో పాఠకుడికి విప్పి చెప్పడాన్ని, ఈ పాత్రల జాబితా ఇంకా వివరంగా చేస్తోంది. తెలుగు రాష్ట్రాల వైద్యకళాశాలలు దీన్ని పత్రం పంపే ముందు నింపే లాంఛనంగా వదిలేయకూడదు. పి.జి. విద్యార్థి థీసిస్ ప్రణాళికను నైతిక కమిటీకి సమర్పించే రోజునే ఎవరి పాత్ర ఏమిటో, పేర్ల వరస ఎలా ఉండబోతుందో రాసి, గైడ్, విద్యార్థి ఇద్దరి సంతకాలతో జతపరచాలి. పని నడిచే కొద్దీ పాత్రలు మారితే ఆ కాగితాన్నీ మార్చాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, ఖర్చు లేదు, శాఖాధిపతులు నిర్ణయిస్తే రాబోయే విద్యా సంవత్సరం నుంచే అమలు చేయవచ్చు.